మూడో జవాబు

"ఆ పళ్ళెం తీసుకుపో. నీ చేత్తో తిప్పిన ముద్ద నా గొంతు దిగదు."

అమ్మ మొహం గోడవైపు తిప్పేసుకుంది. ఎనిఫా మోకాళ్ళ మీద అలాగే ఉండిపోయింది, ఒక చేతిలో చెయ్యి కడిగించే నీళ్ళ గిన్నె, రెండో చేతిలో పళ్ళెం. మొక్కజొన్న ముద్ద మీద ఆవిరి తగ్గిపోతోంది. పక్కన గుమ్మడాకు కూర, వేరుశనగ పొడి చల్లి, అచ్చం అమ్మకి నచ్చేలా వండింది.

"మూడు రోజులైందమ్మా. కోపం నా మీద చూపించు, తిండి మీద ఎందుకు?"

"కోపమా? కోపం పరాయివాళ్ళ మీద వస్తుందే. నువ్వు నా కడుపున పుట్టినదానివి. నీ మీద కోపం రావట్లేదు. నిన్ను చూడబుద్ధి కావట్లేదు, అంతే."

అమ్మ నడుముకి చుట్టుకున్న చితెంజె గుడ్డ కొంగుముడి విప్పి, పాల కవర్లో చుట్టిన చిన్న పుస్తకం ఒకటి తీసి చాప మీద పడేసింది. చెల్లెలు ఫలేసి ఆరోగ్యపు పుస్తకం. ఊళ్ళో ప్రతి ఆడదాని దగ్గరా ఉండేలాంటిదే. మూలలు నలిగి, అట్ట మీద ఎర్ర సిరాతో పాత నర్సమ్మ రాసిన పెద్ద అక్షరాలు: పెన్సిలిన్ పడదు.

"పదేళ్ళు ఈ పుస్తకం నా కూతుర్ని కాపాడింది. ఎక్కడికెళ్ళినా చంకలో పెట్టుకెళ్ళేది. మరి మొన్న ఎందుకు ఇంట్లో పెట్టి వెళ్ళిందే? ఎవరు చెప్పారు దానికి?"

ఎవరో ఎనిఫాకి తెలుసు. చెప్పింది తనే. ఊరూరా తిరిగి, చాపల మీద కూర్చుని, ఆడవాళ్ళందరికీ చెప్పింది. ఇక పుస్తకాలు మొయ్యక్కర్లేదక్కా, తడుస్తాయని భయం లేదు, ఎలకలు కొరుకుతాయని భయం లేదు, అన్నీ కంప్యూటరే గుర్తుపెట్టుకుంటుంది అని.

"అక్క తయారుచేసిందిగా, అక్క తప్పు చెయ్యదు అంది పిచ్చిముండ," అమ్మ ఆ పుస్తకం మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "కాలికి పార తగిలి చీరుకుపోతే నడుచుకుంటూ వెళ్ళింది. నడుచుకుంటూ! ఆ సూదిమందు పొడిచి ఇప్పుడు ముక్కులో గొట్టాలు పెట్టి పడుకోబెట్టారు. నర్సు ఏమందో తెలుసా? కంప్యూటర్లో 'లేవు' అని ఉంది తల్లీ, పడని మందులు లేవు అని ఉంది, నేనేం చెయ్యను అంది."

"తెలుసమ్మా."

"తెలుసు! అన్నీ తెలుసు నీకు. చదువుకున్నదానివి."

బయట చిపెరోని జల్లు మళ్ళీ మొదలైంది. కొండ మీంచి దిగే ఆ చలిజల్లు ఒకసారి పట్టుకుంటే ఓ పట్టాన వదలదు. అరుగు మీద కుర్చీలు జరుపుతున్న చప్పుడు వినిపిస్తోంది. మూడు గంటలకి మేనమామ బిస్విక్ వస్తానని కబురు పెట్టాడు. వంశంలో మంచికీ చెడుకీ ఆయన మాటే చివరి మాట.

నాలుగింటికి ఆస్పత్రికి కాగితం అందాలి. ఆ కాగితం ఎనిఫా కొంగుముడిలో ఉంది.

ఎనిఫా పళ్ళెం అక్కడే మూతపెట్టి లేచింది.

*

ఎనిఫా భర్త లోటి పెరట్లో వంటపాక చూరు కింద కూర్చుని బూట్లకి పాలిష్ పెడుతున్నాడు. మరదలు ఆస్పత్రిలో చావుబతుకుల మధ్య ఉంటే బూట్లు మెరవాలా అని ఎవరైనా అడగొచ్చు. కానీ ఇల్లరికపు అల్లుడి కష్టాలు అల్లుడికే తెలుస్తాయి. అత్తవారి పెద్దల ముందుకు మురికి బూట్లతో వెళితే అదొక మాట, మెరిసే బూట్లతో వెళితే అదింకో మాట. ఏ మాట పడాలో అతను ముందే ఎంచుకున్నాడు.

ఆస్పత్రి కంప్యూటర్ గదికి అతనే పెద్ద. ఎనిఫా నర్సు. పద్నాలుగేళ్ళు వార్డుల్లో తిరిగాక, రోగిని ఏమడగాలో, ఎలా అడగాలో, జవాబు ఎలా రాయాలో ఆ పద్ధతంతా కంప్యూటర్ కోసం కూర్చి పెట్టమని మేట్రన్ ఆమెకి అప్పగించింది. ప్రశ్నలు ఎనిఫావి, యంత్రం లోటిది. జోడెడ్ల బండి అని ఆస్పత్రిలో నవ్వుతూ అనేవాళ్ళు.

"కాగితం వచ్చిందటగా," అన్నాడు తలెత్తకుండా.

"వచ్చింది."

"సంతకం పెట్టెయ్ మరి. సాగదీస్తే సాగుతుంది."

"అందులో ఏముందో అడగవా?"

"ఏముంటుంది? ఆ జవాబు గడి ఎవరు తీసేశారని ఉంటుంది." బ్రష్ ఇటూ అటూ ఆడుతోంది. "చూడు ఎనిఫా, నా మాట విను. గురువారం పొద్దున ఏదో హడావిడిలో నొక్కాను, మర్చిపోయాను అను. మనిషన్నాక పొరపాటు రాదా? మేట్రన్‌కి నువ్వంటే ప్రాణం. నాలుగు చీవాట్లు పెడుతుంది, అంతే."

ఎనిఫా చూరు కింద చుక్కలు పడుతున్న చోటే నిలబడింది. నీళ్ళు మెడ మీద పడుతున్నా జరగలేదు.

"గురువారమని నీకెవరు చెప్పారు?"

బ్రష్ ఆగింది.

"కాగితం మేట్రన్ గదిలో విప్పాను. అక్కడే మడిచి ముడేసుకున్నాను. ఇంతవరకు ఎవరికీ చూపలేదు, లోటి."

పొద్దుటి నుంచి ఆమెకి అనుమానం ఉంది. ఉన్నా దాన్ని లోపలికి రానివ్వలేదు. తలుపు దగ్గరే నిలబెట్టి, నువ్వు కాదులే, నువ్వు కాదులే అని చెప్పుకుంటూ వచ్చింది. ఇప్పుడది నేరుగా వచ్చి ఎదురుగా కూర్చుంది.

"నువ్వే," అంది.

లోటి బూటు పక్కన పెట్టాడు. చేతుల నలుపు గుడ్డకి తుడుచుకున్నాడు.

"ఖాళీలు, ఎనిఫా. నూటికి నలభై గళ్ళు ఖాళీ. వచ్చే నెల రాజధాని లిలోంగ్వే నుంచి పెద్దవాళ్ళు చూడ్డానికి వస్తున్నారు. సగం ఖాళీగా ఉన్న లెక్క చూపిస్తే పథకమే ఎత్తేస్తారు. నువ్వేమో 'అడగలేదు' అని ఓ మూడో జవాబు పెట్టి కూర్చున్నావు. అది వాళ్ళ లెక్కలో ఖాళీ కిందే పడుతుంది. నేను నీ పనిని నిలబెట్టడానికే..."

"నా పనిని."

"మన పనిని."

"అందుకని అడగని చోటల్లా 'లేవు' అని నింపేశావా?"

"ఉంటే రాసేవాళ్ళు కదా! రాయలేదంటే లేనట్టే కదా!"

సరిగ్గా ఆ మాట మీదే ఎనిఫా రెండు నెలలు కొట్లాడింది. పాత పుస్తకాలు చూసి కంప్యూటర్లోకి ఎక్కించే అమ్మాయిలు లోపలి కాగితాలే చూస్తారు, అట్ట మీద ఏముందో చూడరు. అలాంటప్పుడు వాళ్ళు 'అడగలేదు' అని వదిలేస్తే, రేపు నర్సు ఆ మాట చూసి ఆగుతుంది, నోరు తెరిచి రోగిని అడుగుతుంది. 'లేవు' అని ఉంటే ఆగదు. అడిగితే లేదన్నారు అనేది ఒకటి, అసలు అడగనే లేదు అనేది ఇంకొకటి. ఈ రెండూ ఒకటే అనుకున్నచోట మనుషులు చచ్చిపోతారని ఆమె మంత్రసానుల దగ్గర్నుంచి డాక్టర్ల దాకా అందర్నీ కూర్చోబెట్టి చెప్పింది. ఆ కూర్చున్నవాళ్ళలో లోటి కూడా ఉన్నాడు. ముందు వరసలో ఉన్నాడు. తలూపాడు కూడా.

"నా పేరుతో ఎందుకు చేశావు?"

"నీ పేరుతోనే తెరుచుకుంటుంది. జబ్బుకి సంబంధించిన ప్రశ్న నర్సు పేరు మీద తప్ప మార్చడానికి వీల్లేదని నియమం పెట్టింది ఎవరు? నువ్వే."

"నీలాంటివాళ్ళు వేలు పెట్టకూడదని పెట్టాను."

"సరే. తిట్టు. తిట్టడానికి నీకు హక్కుంది."

ఎనిఫా తిట్టలేదు. ఇంకా ఘోరమైన ప్రశ్న ఒకటి నోట్లో తిరుగుతోంది. అడగకుండా మింగెయ్యాలని చూసింది, కుదరలేదు.

"ఆ పేరు కొట్టినప్పుడు నీ వేళ్ళు వణకలేదా?"

లోటి మొహం పక్కకి తిప్పుకున్నాడు.

ఆమె పాస్‌వర్డ్ ఒక పేరు. ఆరేళ్ళ కిందట పుట్టి, తొమ్మిది గంటలు మాత్రం బతికిన కొడుకు పేరు. అలాంటి బిడ్డకి ఊళ్ళో పేరుండదు, ఏడుపు ఉండదు. ఆడవాళ్ళే నలుగురు తీసుకెళ్ళి మట్టి కప్పి వస్తారు. తండ్రికి ఆ చోటు కూడా చూపించరు. కానీ ఆ రాత్రి, ఆస్పత్రి మంచం మీద, భార్యాభర్తలిద్దరూ ఆ పసివాడి చెవిలో ఒక పేరు పెట్టారు. తర్వాత ఎన్నడూ ఆ పేరు పైకి అనుకోలేదు. ఎనిఫా మాత్రం రోజూ పొద్దున్నే పనిలోకి దిగేముందు దాన్ని వేళ్ళతో తలుచుకునేది. ఈ లోకంలో ఆ పేరు తెలిసినవాళ్ళు ఇద్దరే.

"మూడు రోజులు ఫలేసి మంచం పక్కన నా చెయ్యి పట్టుకుని కూర్చున్నావు," అంది. "అమ్మ నన్ను తిడుతుంటే నీళ్ళు తెచ్చిచ్చావు. అప్పుడైనా ఒక్క మాట చెప్పొచ్చుగా."

"నన్నెవరూ అడగలేదు."

అతను దాన్ని గడుసుగా అనలేదు. అలసిపోయి అన్నాడు. అందుకే అది మరీ గుచ్చుకుంది.

"ఎనిఫా, నీకేం. ఇది నీ ఊరు, నీ ఇల్లు, నీ వంశం. ఇవాళ తిట్టినా రేపు అన్నం పెడతారు. నా పేరు బయటికొస్తే ఈ సాయంత్రమే నా దుప్పటి నా చేతికిచ్చి రోడ్డు చూపిస్తారు. పదకొండేళ్ళ నుంచి ఈ పెరడు నాది అనుకుంటున్నాను. ఒక్క సంతకం. నా కోసం."

"ఆ సంతకంతో నా నర్సు పట్టా పోతుంది. అమ్మ నా చేతి తిండి మళ్ళీ ముట్టదు. ఫలేసికి ఏమైనా అయితే... ఏమైనా అయితే చెల్లెల్ని చంపినదాన్ని అవుతాను. నీ దుప్పటి కోసం."

ముందుగుమ్మంలో ఎవరో అరచేతులు మెల్లగా తట్టారు. పెద్దమనిషి వచ్చినప్పుడు వినిపించే చప్పుడది.

"నువ్వే చెప్పు వాళ్ళతో," అంది ఎనిఫా. "నేను చెప్పేలోపల. నిన్ను బతిమాలుతున్నాను, లోటి."

అతను బూట్లు వేసుకోవడం మొదలుపెట్టాడు.

*

బిస్విక్ మామయ్య కుర్చీలో కూర్చుని, తడిసిన టోపీ మోకాలి మీద ఆరేసుకున్నాడు. లోటి ఆయనకి ఎదురుగా, కాస్త దూరంగా వేసిన కుర్చీలో కూర్చున్నాడు. ఆడవాళ్ళు చాప మీద. అమ్మ కాళ్ళు చాపుకుని, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎనిఫా ఆమె పక్కన, కానీ మధ్యలో ఇంకో మనిషి పట్టేంత చోటు వదిలి.

"ముందే ఒకటి అడుగుతున్నాను," అన్నాడు మామయ్య. "ఇది మొగుడూ పెళ్ళాల తగువా?"

ఆయన చూపు అల్లుడి మీంచి ఎనిఫా మీదకి వచ్చింది.

"అయితే ఇప్పుడే చెప్పండి. మొగుడి మీద పెళ్ళాం నోరు విప్పితే రెండువైపుల పెళ్ళిపెద్దలూ ఉండాలి. నేనొక్కణ్ణే వినకూడదు. అల్లుడి తరఫువాళ్ళు దెడ్జా నుంచి రావాలి. ఎల్లుండికి గానీ రారు."

ఎనిఫా గోడ గడియారం చూసింది. మూడు దాటి పది నిమిషాలు. అవునంటే సభ ఇక్కడితో ఆగిపోతుంది, నాలుగింటికి కాగితం వెళ్ళదు, వెళ్ళకపోతే తప్పు ఒప్పుకున్నట్టే. కాదంటే ఇక భర్త పేరు ఎత్తడానికి వీల్లేదు. లోటికి ఈ ఆచారం ఆమెకి తెలిసినంత బాగానూ తెలుసు. నేల చూపులు చూస్తున్నాడు.

"కాదు మావయ్యా," అంది.

"మంచిది. కాగితం ఏదీ?"

ఆమె ముడి విప్పి, మోకాళ్ళ మీద వెళ్ళి రెండు చేతులతో ఇచ్చింది. ఆయన కళ్ళజోడు లేకుండా చెయ్యి చాచినంత దూరంలో పెట్టి చదివాడు. మిషన్ బళ్ళో ఆరో తరగతి దాకా చదివినవాడు, ఒక్క అక్షరాన్నీ వదలడు.

"'పడని మందులు అన్న ప్రశ్నకి ఉన్న మూడో జవాబు తీసివెయ్యబడినది. జూన్ నెల మొదటి గురువారం, పొద్దున పది నలభై. చేసినవారు నర్సు ఎనిఫా.' మీ యంత్రం ఇవన్నీ రాసిపెట్టుకుంటుందా?"

"రాసిపెట్టుకుంటుంది. ఏదీ చెరగదు. ఎవరు మార్చారు, ఎప్పుడు మార్చారు అన్నీ అడుగున ఉంటాయి."

"అబ్బో! మా ఆవిడ కన్నా నయమే. 'ఈ మార్పు మీరు చేశారా? అవును, కాదు. కాదంటే, ఎవరు చేశారో కింది గీత మీద రాయండి.'" కాగితం దించాడు. "చెప్పమ్మా. చేశావా?"

"మావయ్యా, జూన్ మొదటి గురువారం నేనెక్కడున్నానో మీకు తెలుసు."

మామయ్య ఒక క్షణం ఆమెని చూశాడు. తర్వాత ఆయన మొహం మారింది. ఆ గురువారం ఆయన కన్నతల్లిని మట్టి చేసిన రోజు.

ముందుగా కదిలింది అమ్మ.

"అమ్మమ్మ శవం దగ్గరుంది," అంది నెమ్మదిగా, తనకి తనే చెప్పుకుంటున్నట్టు. "బుధవారం పొద్దుగూకాక లోపలికొచ్చి కూర్చుంది. గురువారం మట్టి చేసేదాకా గడప దాటలేదు. పొద్దెక్కాక ఒళ్ళు తుడిచేటప్పుడు ఆ తల్లి కాళ్ళు పట్టుకున్నది ఇదే. తల నేను పట్టుకున్నాను." ఎనిఫా వైపు తిరిగింది. మూడు రోజుల్లో మొదటిసారి. "ఫోన్లన్నీ గుమ్మం బయట బుట్టలో వేయించాను నేనే. మరి ఇదెలా చేస్తుంది?"

"నేనూ అదే అంటున్నాను," అన్నాడు మామయ్య. "పదింటికి గొయ్యి దగ్గర మొగాళ్ళం అందరం ఉన్నాం. అంటే, ఉన్నవాళ్ళం ఉన్నాం. మన అల్లుడుగారు ఆస్పత్రిలో యంత్రం ఆగిపోయిందని పార అక్కడ పడేసి వెళ్ళారు. నాకు గుర్తుంది, ఆ పార నేనే అందుకున్నాను. ఈ నడుముతో."

లోటి గొంతు సవరించుకున్నాడు. ఎనిఫా అతని వైపే చూసింది. చెప్పు. ఇప్పుడు చెప్పు. ఇంతకంటే మంచి సందు నీకు దొరకదు.

"మామయ్యగారూ," అన్నాడు లోటి, కుర్చీ అంచుకి జరిగి, వినయంగా. "ఎవరో పాస్‌వర్డ్ కాజేసి ఉంటారు. ఎనిఫా చేసిందని నేనూ అనను. కానీ తనకి జాగ్రత్త తక్కువ. పాస్‌వర్డ్ కాగితాల మీద రాసి పడేస్తుంది. ఎన్నోసార్లు చెప్పాను. ఫలేసికి కూడా చెప్పే ఉంటుంది. ఆ పిల్ల సెలవుల్లో కంప్యూటర్ నేర్చుకుంటానని మా గదికొచ్చి కూర్చునేది కదా. తెలియక ఏదో నొక్కి..."

"ఫలేసియా?" అమ్మ నోరు తెరుచుకునే ఉండిపోయింది.

"తెలియక అత్తయ్యగారూ. కావాలని కాదు."

ఎనిఫాకి వెంటనే కోపం రాలేదు. ముందొచ్చింది ఆశ్చర్యం. పదకొండేళ్ళు ఒకే దోమతెర కింద పడుకున్న మనిషి ఇంత దూరం వెళ్ళగలడా? నా మీద వేశాడు, సరే, భార్యని కదా, ఓర్చుకుంటాననుకున్నాడు. ముక్కులో గొట్టంతో పడుకున్నదాని మీద వేస్తున్నాడు. అది లేచి కాదనలేదు కనుక.

తర్వాత వచ్చింది కోపం.

"కలం ఇవ్వండి మావయ్యా," అంది.

ఆయన జేబులోంచి తీసిచ్చాడు. ఆమె కాగితం చాప మీద పరిచి, 'కాదు' అన్నచోట గుర్తు పెట్టింది. కింద ఎవరు చేశారో రాయాల్సిన గీత. భర్త పేరు రాయడానికి ఆచారం ఒప్పదు. చెల్లెలి పేరు రాయడానికి మనసెలా ఒప్పుతుంది? ఆమె ఒకే ఒక్క మాట రాసింది. వేళ్ళతో ఎన్ని వందల సార్లు తలుచుకున్నదో, కాగితం మీద మాత్రం ఇదే మొదటిసారి. 'ఈ పేరు తెలిసినవాళ్ళు' అని పక్కన రాయబోతుంటే మామయ్యకి ఓపిక చాలలేదు. కాగితం లాక్కున్నాడు.

చెయ్యి చాచి దూరం పెట్టి, కూడబలుక్కుని చదివాడు.

"లిం-బి-కా-నీ."

లోటి తల ఎత్తాడు.

"లింబికానీ! ఎవడు వీడు? ఆస్పత్రివాడా?" మామయ్య గొంతు పెంచాడు. "మన వంశంలో ఈ పేరు లేదే. అయితే దొంగవెధవ వీడన్నమాట! మా అమ్మ శవం ఇంట్లో ఉండగా, మా పిల్ల పేరు వాడుకుని, ఇంకో పిల్లని చావుబతుకుల్లోకి నెట్టాడా! ఏ ఊరివాడు? సైకిలు తియ్యండి, ఇప్పుడే వెళ్ళి ఆ లింబికానీగాడి మెడ పట్టుకుని ఈడ్చుకొస్తాను. కన్నవాళ్ళు బుద్ధి చెప్పలేదా ఆ దిక్కుమాలినవాడికి..."

ఎనిఫా కళ్ళు మూసుకుంది. ఇలా అవుతుందని అనుకోలేదు. తొమ్మిది గంటల బిడ్డ, ఎవరికీ ఏ పాపమూ చెయ్యనివాడు, అరుగు మీద తిట్లు తింటున్నాడు. అడ్డుపడాలని నోరు తెరిచింది.

ఆమె కన్నా ముందు కుర్చీ పడిపోయిన చప్పుడైంది.

"వాణ్ణేమీ అనకండి!" లోటి లేచి నిలబడ్డాడు. మొహమంతా తడి. "మామయ్యగారూ, మీ కాళ్ళకి దండం పెడతాను, వాణ్ణి తిట్టకండి. పసివాడు... వాడు ఏడవడం కూడా నేర్చుకోలేదు."

అమ్మ నెమ్మదిగా ఎనిఫా వైపు జరిగింది. మధ్యలో వదిలిన చోటు పోయింది.

"ఆ బిడ్డా?" అంది. "ఈ చేతులతోనే మట్టి కప్పాను తల్లీ. పేరు లేని బిడ్డ అనుకున్నాను ఇన్నాళ్ళూ. వాడికి పేరు పెట్టారా మీరు?"

ఎనిఫా తలూపింది.

మామయ్య కాగితాన్ని మళ్ళీ చూశాడు. ఈసారి గొంతులో తిట్టు లేదు. పెద్దమనిషి ఒక్కొక్క మెట్టూ దిగుతున్నట్టు, ఒక్కొక్క మాటా అడిగాడు.

"మా అక్కకే తెలియని పేరు. నాకు తెలియని పేరు. అది ఈ గీత మీదకి ఎందుకొచ్చింది? దీంతో ఆ యంత్రం తెరుచుకుంటుందా, అమ్మాయ్?"

"తెరుచుకుంటుంది మావయ్యా."

"ఇంకెవరికి తెలుసు ఈ పేరు?"

ఎనిఫా జవాబు చెప్పలేదు. చెప్పకూడదు కూడా. ఆయన చూపు కాగితం మీంచి లేచి, పడిపోయిన కుర్చీ మీదకి, మెరుస్తున్న బూట్ల మీదకి, మెల్లగా పైకి పాకింది.

లోటి ఆయన వైపు చూడలేదు. భార్య వైపు చూశాడు. పదకొండేళ్ళలో ఎన్నోసార్లు చూసిన చూపే, నువ్వే ఏదో ఒకటి చెప్పి తప్పించు అన్నట్టు.

పెద్దల ముందు భర్తని ఆమె ఎప్పుడూ 'మీరు' అనే అనేది. ఇప్పుడది నోటికి రాలేదు.

"ఎవరూ అడగలేదన్నావుగా, లోటి," అంది ఎనిఫా. "ఇదుగో, అడుగుతున్నారు."